ఊరి బడి కప్పు ఎక్కేదెవరు? బిలాస్‌పూర్ పల్లెల్లో మట్టి, పెంకు, లెక్కల పుస్తకం

మే నెలాఖరుకు బిలాస్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ల కప్పుల మీద మనుషులు కనిపిస్తారు. వానలు మొదలయ్యేలోపు పెంకు తిరగేసుకోవాలి. పగిలినవి తీసేయాలి, జారినవి సర్దాలి, కోతులు చెదరగొట్టిన చోట కొత్తవి పేర్చాలి. ఈ నాటు పెంకును ఇక్కడ ఖప్రా అంటారు. కింద ఆడవాళ్లు గోడల బీటల్లో మట్టి మెత్తి, తెల్లని ఛుయీ మట్టితో అలుకుతారు. ఎవరి ఇల్లు వాళ్లు చూసుకుంటారు.

అదే ఊరి బడి కప్పు మీదికి సాధారణంగా ఎవరూ ఎక్కరు. అది కాంక్రీటు స్లాబు. కారితే హెడ్మాస్టరు పై ఆఫీసుకు కాగితం పెట్టాలి, ఇంజనీరు వచ్చి చూడాలి, అంచనా తయారవ్వాలి, నిధులు రావాలి. ఈలోగా జూన్ మధ్యలో బడి తెరుస్తారు. వాన కూడా అప్పుడే దిగుతుంది.

తన ఇంటిని ఏటా బాగుచేసుకోవడం తెలిసిన ఊరు, తన పిల్లల బడిని ఎందుకు బాగుచేసుకోలేకపోతోంది? స్థానిక సామగ్రితో, ఊరివాళ్ల భాగస్వామ్యంతో బడి కట్టాలన్న మాట దశాబ్దాలుగా వింటున్నాం. చవక అనో, చల్లగా ఉంటుందనో, పర్యావరణానికి మంచిదనో చెబుతుంటారు. అవన్నీ నిజమే. కానీ అన్నిటికంటే పెద్ద లాభం మరమ్మతు. గోడ పగిలితే పూడ్చగల చెయ్యి, ఆ పనికి కావలసిన మట్టి, ఖర్చు పెట్టే అధికారం మూడూ ఊళ్లోనే ఉంటే ఆ బడి నిలుస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మట్టితో కట్టినా, సిమెంటుతో కట్టినా పాడవుతుంది.

ఊరు అడిగితే 90 రోజుల్లో బడి

ఈ ప్రాంతానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్నప్పుడు, 1997 జనవరి 1న అక్కడి ప్రభుత్వం ‘విద్యా హామీ పథకం’ మొదలుపెట్టింది. కిలోమీటరు దూరంలో బడి లేని చోట, 40 మంది పిల్లలుంటే (గిరిజన ప్రాంతాల్లో 25 మంది ఉన్నా చాలు) తల్లిదండ్రులు బడి కావాలని రాతపూర్వకంగా అడగవచ్చు. అడిగిన 90 రోజుల్లో ప్రభుత్వం బడి ఇవ్వాలి. పంతులుగా ఎవరుండాలో ఊరే సూచిస్తుంది. ఆ పంతులును ‘గురూజీ’ అన్నారు. బడి నడవడానికి చోటు కూడా ఊరే చూపించాలి.

కొన్ని సంవత్సరాల్లోనే రాష్ట్రమంతటా వేల బడులు పుట్టుకొచ్చాయి. చాలావాటికి మొదట సొంత భవనం లేదు. ఎవరింటి వసారాలోనో, పందిరి కిందో నడిచాయి. ఛత్తీస్‌గఢీలో ఇంటి ముందరి వసారాను ‘పర్ఛీ’ అంటారు. ఊరి భాగస్వామ్యం అంటే అప్పట్లో ఆ పర్ఛీ ఇవ్వడమే.

ఈ పథకం మీద విమర్శలూ వచ్చాయి. గురూజీలకు మామూలు టీచర్ల కంటే చాలా తక్కువ ఇచ్చారు. పేదల పిల్లలకు చవక బడి ఇచ్చి చేతులు దులుపుకొంటున్నారన్న మాటలో న్యాయం ఉంది. అయినా ఒక సంగతి మరువరాదు. బడి ఏ పారాలో, అంటే ఏ వాడలో ఉండాలన్న నిర్ణయం అక్కడి తల్లిదండ్రుల చేతికి వచ్చింది. తర్వాత సర్వశిక్షా అభియాన్ కాలంలో ఈ కేంద్రాలు ప్రాథమిక పాఠశాలలుగా మారాయి. పక్కా గదులూ వచ్చాయి. కానీ గదులతో పాటు నమూనా కూడా పైనుంచే వచ్చింది. కొండ మీది ఊరికీ, చెరువు పక్క ఊరికీ, రేగడి నేలకూ, మొరం నేలకూ ఒకే ప్లాను.

ఈ నేలలో ఏముంది?

ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు. నల్లటి బరువు నేల కన్హార్. పసుపు ఛాయ తేలిక నేల మటాసి. ఈ రెంటికీ మధ్యది డోర్సా. ఎర్రటి గులకరాళ్ల మెరక నేల భాటా. పంట కోసం పెట్టుకున్న పేర్లివి. ఇల్లు కట్టేవాడికీ ఇవే పనికొస్తాయి.

కన్హార్ మన రేగడి లాంటిది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే గోడకు వాడితే నిలవదు. దాని మీద లోతు లేని పునాది వేస్తే కాంక్రీటు భవనం కూడా బీటలు తీస్తుంది. మటాసి లాంటి మట్టిలో తగినంత జిగట, తగినంత ఇసుక ఉంటే గోడకు సరిపోతుంది. వరిగడ్డి, ఊక కలిపి తొక్కితే బీటలు తగ్గుతాయి. ఇది వరి పండే సీమ కాబట్టి ఆ రెంటికీ కొదవ లేదు. పునాదికి భాటా నేల గట్టిది. బడికి ఊరు ఇచ్చే బంజరు చాలాసార్లు ఇలాంటి మెరకే కావడం ఒక విధంగా కలిసొచ్చే విషయం. అయితే అక్కడ నీళ్లు దొరకడం కష్టం, ఇళ్లకు దూరం కూడా.

కప్పుకు వెదురు, సాల కలప, కుమ్మరి పెంకు ఉన్నాయి. వెదురును కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే అందులోని పిండి పదార్థం కరిగిపోయి పురుగు పట్టడం తగ్గుతుంది. బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ఊరబెడితే ఇంకా ఎక్కువ కాలం మన్నుతుంది. చెదలు రాకుండా గోడను రాతి పీఠం మీద లేపాలి.

ఇక్కడ ‘స్థానికం’ అనే మాటను కూడా కాస్త విడదీసి చూడాలి. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోనే సీపత్‌లో 2,980 మెగావాట్లతో పెరిగిన ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. దాని బూడిదతో చేసే ఇటుక కూడా దూరం లెక్కన స్థానికమే. పొలం పైమట్టిని తవ్వి కాల్చే ఇటుక కంటే అది నయం. మరోవైపు నాటు పెంకు ఊళ్లోదే అయినా, దాన్ని చేసే కుమ్మరి కుటుంబాలు పని మానేస్తే అది దొరకదు. కోతుల బెడద, పెంకు కొరత భరించలేక చాలామంది తమ ఇళ్లకే రేకులు వేసుకుంటున్నారు. సామగ్రిని ఎంచుకునేటప్పుడు అడగాల్సింది అది పాతదా కొత్తదా అని కాదు. పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుందా, దాన్ని సరిచేసే మనిషి ఉంటాడా అని.

ఇల్లు వేరు, బడి వేరు

ఊరి ఇంటిని చూసి బడిని అలాగే కడితే పొరపాటే. మట్టి ఇంట్లో కిటికీలు చిన్నవి. ఎండ రాకుండా ఉండాలంటే అదే మేలు. బడిలో పిల్లలు చదవాలి, రాయాలి. వెలుతురు కావాలి. కాబట్టి ఉత్తరం వైపు పెద్ద కిటికీలు, దక్షిణం వైపు వసారా ఉండేలా గదిని తూర్పు పడమరలుగా పొడవుగా పెట్టుకోవడం మంచిది. కుడిచేత్తో రాసే పిల్లలే ఎక్కువ కాబట్టి వెలుతురు ఎడమ నుంచి పడేలా నల్లబల్ల గోడను ఎంచుకోవాలి. లేకపోతే రాసే చెయ్యి నీడ పుస్తకం మీద పడుతుంది.

వేడి విషయంలో మాత్రం మట్టి గోడ ఇంటికంటే బడికే బాగా నప్పుతుంది. మూరెడు మందం గోడ పగటి ఎండను పీల్చుకుని లోపలికి చేర్చేసరికి చాలా గంటలు పడుతుంది. ఇంట్లో పడుకునేవారికి ఆ వేడి రాత్రి తగులుతుంది. బడిలో రాత్రి ఎవరూ ఉండరు. కిటికీలు తెరిచి ఉంచితే తెల్లారేసరికి గోడ చల్లబడుతుంది. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

రేకు కప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎండ తగిలిన వెంటనే వేడెక్కుతుంది. వాన పడితే ఆ చప్పుడుకు పంతులు మాట పిల్లలకు వినబడదు. ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడే చోట ఎన్ని పాఠాలు ఆ చప్పుడులో పోతాయో ఊహించుకోవచ్చు. రేకు తప్పనిసరైతే కింద వెదురు తడికతో రెండో కప్పు వేసి, మధ్యలో గాలి ఆడేలా ఖాళీ వదలాలి.

వాన నుంచి గోడను కాపాడేది సూరు. కప్పు గోడ దాటి మూడడుగులైనా బయటికి రావాలి. పీఠం వాన చినుకులు ఎగిరిపడే ఎత్తు కంటే పైన ఉండాలి. కలప, వెదురు దూలాలు మోయగల పొడవుకు హద్దు ఉంటుంది కాబట్టి గది వెడల్పు అయిదు మీటర్లు దాటకుండా చూసుకుంటే ఇనుము అవసరం తగ్గుతుంది. ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గదిలో 30 మంది పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చోగలరు. ప్రాథమిక స్థాయిలో ఒక టీచరుకు విద్యాహక్కు చట్టం చెప్పే సంఖ్య కూడా 30.

మట్టి అంటే భయం ఎందుకు?

ఈ మాట చెప్పగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: “మీ పిల్లలు కాంక్రీటు బడిలో, మా పిల్లలు మట్టి బడిలోనా?” దీన్ని తెలియనితనంగా కొట్టిపారేయడం తప్పు. మట్టి ఇల్లు పేదరికానికి గుర్తుగా మిగిలిన చోట పక్కా భవనం గౌరవం. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి తాటాకు కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత ‘సహజమైన కప్పు’ అన్న మాటే భయం పుట్టించింది. ఆ భయంలో అర్థముంది. వంటగదిని తరగతి గదికి దూరంగా పెట్టడం, ప్రతి గదికీ రెండు దారులు ఉండటం, తలుపులు బయటికి తెరుచుకోవడం ఏ సామగ్రితో కట్టినా తప్పనిసరి.

కానీ కాంక్రీటు అంటేనే భద్రత అనుకోవడమూ పొరపాటే. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ బడి భవనం కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. వాళ్లను చంపింది పట్టించుకోనితనం. స్లాబులో ఇనుము తుప్పుపట్టడం పైకి కనబడదు. పెచ్చులూడే దాకా తెలియదు. పెంకు జారితే ఆ రోజే వాన చుక్క చెబుతుంది.

మట్టి కట్టడానికి ప్రమాణాలు లేవన్న మాటా నిజం కాదు. సిమెంటు కలిపి నొక్కిన మట్టి ఇటుకలకు ఐఎస్ 1725 ఉంది. మట్టి భవనాలు భూకంపాలను తట్టుకునేలా ఎలా కట్టాలో ఐఎస్ 13827 చెబుతుంది. లేనిదల్లా అలవాటే. ఇటుక, సిమెంటు, ఇనుము పనికి ఇంజనీరు దగ్గర రేటు, కొలత సిద్ధంగా ఉంటాయి. ఊరి మనుషులు వరసలు వరసలుగా పెట్టే మట్టి గోడను కొలత పుస్తకంలో ఎలా రాయాలో, రేపు ఆడిట్ వస్తే ఏం చెప్పాలో అన్న జంకు ఆయన్ను ఆపుతుంది.

రెండు ఊళ్లు చేసి చూపించింది

బంగ్లాదేశ్‌లోని దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్ కూడా బిలాస్‌పూర్ పల్లెల్లాగే వరి, వెదురు, మట్టి ఉన్న ఊరు. అక్కడ దీప్‌శిఖ అనే సంస్థ కోసం 2005లో ఆనా హెరింగర్, ఐకే రోస్‌వాగ్ అనే ఆర్కిటెక్టులు రెండంతస్తుల బడి కట్టించారు. కింద మట్టి గోడలు, పైన వెదురు. మట్టిలో వరిగడ్డి కలిపి పశువులతో తొక్కించారు. ఇదంతా ఊరికి తెలిసిన పనే. కొత్తగా చేర్చినవి రెండే: ఇటుక పునాది, నేల తేమ గోడలోకి ఎక్కకుండా అడ్డు పొర. ఊళ్లో మట్టి ఇళ్లు కుంగిపోయేది సరిగ్గా ఆ రెండూ లేకనే. పని చేసిన ఊరివాళ్లు ఆ మెళకువ నేర్చుకుని తమ దగ్గరే ఉంచుకున్నారు. 2007లో ఈ బడికి ఆగాఖాన్ పురస్కారం వచ్చింది.

బుర్కినా ఫాసోలోని గాండోలో పుట్టిన ఫ్రాన్సిస్ కెరే తన ఊరి కోసం కట్టిన బడి 2001లో పూర్తయింది. మట్టితో కడతానంటే ఊరివాళ్లు మొదట నమ్మలేదు. వానకు కరిగే గోడలు వాళ్లకు తెలిసినవే కదా. ఆయన మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి ఇటుకలు చేయించాడు. గదులపైన మట్టి కప్పు వేసి, దానికి చాలా పైన సన్నటి ఇనుప కమ్మీల చట్రం మీద రేకు నిలబెట్టాడు. మధ్యలోంచి గాలి వేడిని ఊడ్చుకుపోతుంది, రేకు గోడలకు నీడ ఇస్తుంది. కమ్మీలు కోయడం, అతకడం ఊరి కుర్రాళ్లకే నేర్పించారు. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ పురస్కారం దక్కింది.

ఇద్దరిలో ఎవరూ ఆధునిక సామగ్రిని వద్దనలేదు. ఊరి చేతికి అందని చోట, తప్పనిసరైన చోట మాత్రమే వాడారు. పునాది, తేమ పొర, కప్పు చట్రం: డబ్బు పెట్టాల్సిన చోట్లు ఇవి. మిగతాది ఊరి పని.

శ్రమదానం ఎవరి శ్రమ?

ఊరి భాగస్వామ్యం అనగానే ఫొటోల్లో కనిపించేది తట్టలు మోసే ఆడవాళ్లు. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. భూమి ఉన్న రైతుకు ఒక రోజు శ్రమదానం తేలిక. రోజు కూలీకి పోయే మనిషికి అది ఒక రోజు తిండి. నీళ్లు మోయడం, మట్టి తొక్కడం, అలకడం ఎలాగూ ఆడవాళ్ల మీదే పడతాయి. ఉచితంగా చేయించుకుని దానికి భాగస్వామ్యం అని పేరు పెడితే, అది ఊళ్లో అందరికంటే బీదవాళ్ల మీద పన్ను వేసినట్టే. కూలి ఇవ్వాలి. మట్టి గోడ ఖర్చులో ఎక్కువ భాగం కూలే కాబట్టి ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. సిమెంటు, ఇనుము కొంటే ఊరు దాటి పోతుంది.

అసలు భాగస్వామ్యం మూడు చోట్ల తెలుస్తుంది. బడి ఏ పారాలో కట్టాలన్న నిర్ణయంలో ఊరి చివరి కులం వాళ్ల మాట చెల్లిందా? బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది? లెక్కల పుస్తకం ఎవరు అడిగినా చూపిస్తారా?

తెలుగు రాష్ట్రాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’లో పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. మొదటి విడతలో 15,715 బడులు ఇలా బాగయ్యాయి. ఖాతా తల్లిదండ్రుల చేతికి రావడం పెద్ద అడుగు. అయితే ఫ్యాన్లు, ఫర్నిచరు, రంగులు లాంటివి రాష్ట్రస్థాయిలో కొని పంపారు. పనుల జాబితా, రంగు కూడా పైవాళ్లే తేల్చారు. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల సభ్యులతో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలు వేసి మరమ్మతులు అప్పగించారు. డబ్బు ఖర్చుపెట్టే బాధ్యత ఊరు మోయగలదని ఈ రెండూ చూపించాయి. ఏం కట్టాలో తేల్చే అధికారం మాత్రం ఇంకా కిందికి దిగలేదు.

చట్టం ఏమంటోంది?

చట్టం ఇందుకు అడ్డు కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి టీచరుకూ ఒక గది ఉండే, అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం కావాలంటుంది. ఏ సామగ్రితో కట్టాలో చెప్పదు. ర్యాంపు, మంచినీళ్లు, ఆడపిల్లలకు మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కావాలి, సగం మంది మహిళలుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే.

బిలాస్‌పూర్ ఉత్తరాన ఉన్న అటవీ గ్రామాలకు ఇంకో వెసులుబాటు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే బడి కోసం హెక్టారుకు లోపు అటవీ భూమిని ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆ జాబితాలో మొదటి పేరు బడిదే.

అసలు చిక్కు నిర్వహణ డబ్బు దగ్గర ఉంది. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి ఇచ్చే మొత్తం గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కలు, చీపుర్లు, కరెంటు బిల్లు, మరమ్మతు అన్నీ అందులోనే. కారే స్లాబుకు ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. పెంకు సర్దించడానికి, గోడ అలికించడానికి, సూరు వాసం మార్చడానికి అయితే దాంతో కొంతైనా సాగుతుంది. బడిని ఏ సామగ్రితో కట్టాలో ఆలోచించేటప్పుడు ఈ 10,000 అంకెను పక్కన పెట్టుకోవాలి. కట్టే డబ్బు ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లూ చేతిలో ఉండేది ఇదే.

కట్టాక బడి ఉంటుందా?

చివరి ప్రశ్న భవనం గురించి కాదు. 2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘యుక్తియుక్త్‌కరణ్’ పేరుతో తక్కువ మంది పిల్లలున్న బడులను పక్క బడుల్లో కలిపింది. ఆంధ్రలో జీవో 117 మీద జరిగిన గొడవ గుర్తున్నవారికి ఇది కొత్తగా అనిపించదు. ఊరు తన చేతులతో కట్టుకున్న బడిని కాగితం మీద కలిపేస్తే, మరోసారి తట్ట పట్టమని ఆ ఊరిని ఎవరు అడగగలరు? అందుకే విలీనం నిర్ణయంలో కూడా గ్రామసభ మాట ఉండాలి.

బిలాస్‌పూర్‌లో చాలామందికి తెలిసిన పేరు ప్రొఫెసర్ పి.డి. ఖేరా. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించిన ఆయన 1980ల్లో అచానక్‌మార్ అడవికి వచ్చి, లమ్నీ గ్రామంలో గుడిసెలో ఉంటూ బైగా గిరిజనుల మధ్యే జీవితం గడిపారు. ఛపర్వాలో పిల్లల కోసం బడి నిలబెట్టారు. తన పింఛనును దానికే ఖర్చుచేశారు. 2019 సెప్టెంబరులో చనిపోయారు. అలాంటి మనిషి ఏ ఊరికైనా అదృష్టమే. కానీ ప్రతి ఊరికీ ఒక ఖేరా దొరకరు. దొరికినా ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. ఒక్క మనిషి చేసిన పనిని ఊరు చేయాలంటే ఊరికి హక్కు, డబ్బు, పనితనం మూడూ ఉండాలి.

కాబట్టి కొత్త గది మంజూరైన ఏ ఊరి కమిటీ అయినా ప్లాను కాగితం మీద సంతకం పెట్టేముందు ఇంజనీరును నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది. ఈ నేల ఏ రకం, దీనికి ఈ పునాది సరిపోతుందా? ఇందులో ఊరి మేస్త్రీలు, కుమ్మరులు, వడ్రంగులు చేయగల పని ఎంత, దానికి కూలి ఎంత? లెక్కలు ఎక్కడ రాస్తారు, ఎవరు చూడవచ్చు? అయిదేళ్ల తర్వాత కప్పు కారితే, ఏడాదికి వచ్చే ఆ 10,000 రూపాయలతో ఊళ్లో ఎవరు ఎక్కి బాగుచేయగలరు? నాలుగోదానికి జవాబు లేకపోతే ప్లాను మార్చమని అడిగే హక్కు కమిటీకి ఉంది. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేయమని చట్టం చెప్పింది ఆ కమిటీకే.